అమ్మ వసారా, నాయన లైను

మొన్న ఆదివారం గుంతకల్లులో మా మనవరాలు శైలజ ఇంట్లో పంచాయితీ జరిగింది. పంచాయితీ అని ఎవరూ అనలేదు, భోజనానికి రమ్మన్నారు. నలుగురు మగవాళ్లు కుర్చీలు గుండ్రంగా లాక్కుని, వంటింట్లో ఉన్న ఆడమనిషి గురించి గొంతు తగ్గించి మాట్లాడుతూ ఉంటే దాన్ని ఇంకేమనాలో నాకు తెలియదు. శైలజ గూడ్సు బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్. రెండేళ్ల ఆడబిడ్డకు తల్లి. కాన్పు సెలవులు అయిపోయి మళ్లీ ఇంజనెక్కినప్పటి నుంచి ఇంట్లో ఒకటే పోరు. లైను మానుకుని ఆఫీసులో కుర్చీ పని అడగమంటారు. ఇప్పుడు అట్లాంటి చోటొకటి ఖాళీ అయిందట, ఈ వారంలోనే అర్జీ పెట్టుకోవాలట. పిల్లతో ఊఁ అనిపించడానికి నలుగురం చేరాం. నా కొడుకు సుధాకర, అంటే శైలజ నాయన, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి ఈమధ్యనే రిటైరైనాడు. శైలజ మొగుడు ప్రసాదు బట్టలకొట్లో లెక్కలు రాస్తాడు. శైలజ మేనమామ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాడు. నాలుగోవాణ్ణి నేను. నన్నెందుకు పిలిచారంటే, ముసలాయన మాట పిల్ల కాదనదని.

మేనమామ మొదలుపెట్టాడు. ఈ కాలంలో దీన్ని వర్క్ లైఫ్ బ్యాలెన్స్ అంటారు మామా అని నాకు విడమరిచి చెప్పాడు. తక్కెడ మాదిరి అట. ఒక తట్టలో ఉద్యోగం, ఒక తట్టలో సంసారం. ఉద్యోగం తట్టలో బరువు తీసేస్తే సంసారం తట్ట తనంతట తాను సరిపోతుందట. సుధాకర తల ఊపాడు. ప్రసాదు నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది, ఎనభై దాటినా తగ్గలేదు, తగ్గించుకోవాలన్న ఆశా లేదు. ఐదో తరగతితో బడి మానేసి, అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చుకుంటూ పేర్చుకుంటూ చదువుకున్నవాణ్ణి నేను. కాలేజీ మనిషి మాటకు ఎదురాడే ముందు మామూలుగా ఒక గుక్క నీళ్లు తాగి ఆలోచిస్తాను. ఆ రోజు నీళ్లు తాగలేదు. ఎందుకంటే ఆ తక్కెడను మా ఇంట్లో ఒకసారి ఎత్తి తూచారు. తూచింది కూడా ఒక మేనమామే. ఏం తూగిందో నేను కళ్లారా చూశాను.

మా నాయన పేరు ఓబులేసు. బొగ్గింజన్ల కాలంలో గూడ్సు డ్రైవరు. పార పట్టి పొయ్యిలోకి బొగ్గు విసిరే ఫైర్‌మన్‌గా చేరి, మెట్టుమెట్టుగా ఎక్కి డ్రైవరైనవాడు. బండి ఎప్పుడు పిలుస్తుందో ఆయనకే తెలియదు. పిలుపు రాగానే ఇనప్పెట్టె, సద్ది మూట తీసుకుని పోయేవాడు. రేణిగుంట వైపు పోతే అక్కడి రన్నింగ్ రూములో, అంటే డ్రైవర్లు వండుకుని తిని పడుకునే సత్రంలాంటి చోట, దిగి మళ్లీ బండి దొరికినప్పుడు తిరిగి రావడం. ఆ రావడానికి పొద్దూ లేదు, వారమూ లేదు. మా వీధిలో అందరికీ ఉగాది ఉగాదిరోజు వచ్చేది, మాకు నాయన వచ్చిన రోజు వచ్చేది. పంచాంగం చూసి కాక యార్డు వైపు చెవి పెట్టి అమ్మ బెల్లం నానబెట్టేది. నాయన లోపలికి అడుగుపెట్టగానే బొగ్గు మసి, వేడి నూనె, చెమట కలిసిన ఒక వాసన ఇల్లంతా పరుచుకునేది. ఆయన నీలం గుడ్డలు సోడా వేసి ఉడకబెట్టినా ఆ వాసన పోయేది కాదు. నాకు ఈ రోజుకీ నాయన అంటే ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, ఆ వాసనే. మూటలో ఏదో ఒకటి ఉండేది. ఎండాకాలమైతే కోడూరు మామిడిపండ్లు, కాకుంటే నిమ్మకాయలు. పండ్లు అమ్మ చేతికి ఇచ్చి, సాసరులో టీ పోసుకుని నిలబడే తాగి, తడి తువ్వాలు కళ్ల మీద వేసుకుని పట్టపగలే నిద్రపోయేవాడు.

పగటి నిద్రకు మా లైనిళ్లలో, అంటే వరసగా కట్టిన రైల్వే ఇళ్లలో, ఒక కట్టుబాటు ఉండేది. బండి దిగి వచ్చిన మనిషి పడుకున్నాడంటే ఆ ఇంటి గడప ముందు చేట బోర్లా పెట్టేవాళ్లు. చేట బోర్లా ఉన్న ఇంటి ముందు కూరగాయల ఆమె అరిచేది కాదు, పక్కింటివాళ్లు రోట్లో దంచేవాళ్లు కారు. గోలీలాట పక్క సందుకు మారిపోయేది. ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు. నిద్ర చాలని మనిషి ఇంజనెక్కితే ఏమవుతుందో ప్రతి ఆడమనిషికీ తెలుసు, అంతే. ఉద్యోగం నాయనదే అయినా దాన్ని వీధంతా కలిసి చేసింది అని నేను ఇప్పుడంటే మా సుధాకర నవ్వుతాడు. నవ్వనీ.

అయితే అమ్మకు కూడా ఒక ఉద్యోగం ఉండేది. దాన్ని ఎవరూ ఉద్యోగమని అనలేదు కాబట్టి ఈ కథంతా జరిగింది. మా అమ్మ సుంకమ్మ. విత్తనాలకు పెట్టుకునే శనక్కాయలను, మావైపు బుడ్డలంటాం, మిషన్లో వేస్తే పప్పు బద్దలైపోతుంది, బద్దైన పప్పు మొలవదు. అందుకని చేత్తో ఒలిపించేవాళ్లు. ఊళ్లో శెట్టి మండీ నుంచి బండిలో మూటలు మా ఇంటికి వచ్చేవి. మధ్యాహ్నం అన్నాలు కాగానే లైనిళ్ల ఆడవాళ్లు మా వసారాకు చేరేవాళ్లు. అమ్మ ఒక్కొక్కరికి ఇంత అని పంచేది, ఒలిచిన పప్పు తానే చేత్తో కలియబెట్టి చూసి ఒప్పగించేది. పొట్టు పొయ్యిలోకి వాళ్ల వాళ్లకే. గింజకు పగులు వస్తే మండీవాళ్లు అడిగేది అమ్మనే. శెట్టి మనిషి మా అమ్మను సుంకమ్మక్కా అని పిలిచి నిలబడే మాట్లాడేవాడు. కాళ్లు చాపుకుని, ఒళ్లో కాయలు పోసుకుని, చేతులు చేతుల పని చేస్తుంటే నోళ్లు నోళ్ల పని చేసేవి. ఎవరింటి గుట్టైనా అక్కడ చేరేది, అక్కడే ఆగిపోయేది కూడా. పక్కింటి మేరమ్మత్త, ఆమె మొగుడు ఫైర్‌మన్, వాళ్లు చర్చికి పోయేవాళ్లు, ప్రభువు పాట అందుకుంటే మిగిలినవాళ్లు అదే వరసలో తిరుణాల పాట కలిపేవాళ్లు. ఆ వసారాలో మట్టి వాసన, పచ్చి పప్పు వాసన, నవ్వు. అమ్మ ముఖం అక్కడ ఒకరకంగా ఉండేది. నాయన వచ్చిన రోజు ఇంకో రకంగా ఉండేది. రెండూ వెలిగే ముఖాలే.

ఒక వేసవిలో మా జేజి, నాయన తల్లి, చనిపోయింది. నాయన లైను మీద ఉన్నాడు. కబురు పోయింది, బండి దొరకలేదు. ఆ ఎండకు ప్రాణం లేని మనిషిని ఎంతసేపని ఉంచుతారు? నాయన వచ్చేసరికి మట్టి వేసేశారు, పైన చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. ఆయన గట్టిగా ఏడవలేదు. ఇంజను గుడ్డలతోనే ఆ మట్టి పక్కన కూర్చుని, గడ్డలు ఏరి పక్కన పెట్టి, చేత్తో చదును చేస్తూ ఉండిపోయాడు.

అప్పుడు వచ్చాడు మా మేనమామ నాగప్ప, తనకల్లు నుంచి. మెట్ట సేద్యగాడు, మంచివాడే. మొగుడూ పెళ్లాం ఒకే చేలో చెరొక సాలు పట్టి, పిల్లల్ని గట్టు మీద చెట్టుకింద పడుకోబెట్టుకుని బతికినవాడు. ఇల్లు ఒక చోట, పని ఒక చోట అనే బతుకు ఆయనకు అర్థం కాలేదు. కర్మలయ్యేదాకా ఉండి, పోయే ముందురోజు పదిమందిలో నాయనను కూర్చోబెట్టి అన్నాడు:

"బావా, నువ్వు ఇంటికి సుట్టం మాదిరి వస్తాండావు. సుట్టమన్నా ముందు కబురు పెడతాడు."

మరుసటి రోజు మామే ఇంజన్ల షెడ్డుకు పోయి ఫోర్‌మన్‌ను బతిమాలి వచ్చాడు. నాయనకు షెడ్డులోనే పగటి పని ఇచ్చారు. వచ్చిన ఇంజన్లను బొగ్గు దగ్గరికి, బూడిద గుంత దగ్గరికి, నీళ్ల దగ్గరికి జరిపి పెట్టడం. పొద్దున పోతే మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉండచ్చు. నాయన వద్దనలేదు. తల్లి మట్టికి లేని కొడుకు ఏ నోటితో వద్దంటాడు? అమ్మను ఎవరూ అడగలేదు. ఇందులో అడిగేదేముంది, మొగుడు రోజూ ఇంటికొస్తానంటే ఏ ఆడది వద్దంటుంది అనుకున్నారు. నిజం చెప్పాలంటే అమ్మ కూడా అట్లే అనుకుంది. మాకైతే పండగ. నాయన రోజూ అన్నానికి ఉంటాడు, రోజూ కథ చెబుతాడు అనుకున్నాం. కొద్ది రోజులు చెప్పాడు కూడా.

ఆ తర్వాత మొదలైంది. మూడింటికి వచ్చి స్నానం చేసి నాయన వసారాలో మంచం వాల్చుకుని కూర్చునేవాడు. ఇంట్లో గాలాడేది అక్కడే మరి. అప్పటికే అక్కడ ఆడవాళ్లు చేరి ఉండేవాళ్లు. ఇంటాయన ఎదురుగా ఉంటే ఏ ఆడది కాళ్లు చాపుతుంది? కొంగు సర్దుకుని, గోడకు ఒదిగి, నోరు కుట్టేసుకుని ఒలిచేవాళ్లు. పాట పోయింది. ఒకామెకు తలనొప్పి, ఒకామెకు బిడ్డకు జ్వరం. ఒక్కొక్కరే మానేశారు. నాయన పాపం వాళ్లను ఏమీ అనలేదు, కూర్చున్నాడు, అంతే. పని నడవకపోతే మూటలెందుకు వస్తాయి? శెట్టి మనిషి కొన్నాళ్లు చూసి, బండిని వెనక లైనిళ్లకు తిప్పుకున్నాడు. సాయంత్రం బండి మా ఇంటి ముందు ఆగకుండా పోయింది. అమ్మ గడపలో నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

నాయన సంగతి చూస్తే అక్కడా అదే కథ. లైను మీద ఆయన మాటకు ఎదురు లేదు. వెనక అంత పొడుగు బండిని చెయ్యి మీద నడిపిన మనిషి షెడ్డు లోపల రెండు ఫర్లాంగుల మధ్య ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే కుర్ర ఫిట్టర్లు ఎగతాళి చేశారట. ఏం ఓబులేసన్నా, మద్రాసు దాటినావా అనేవాళ్లట. మేరమ్మత్త మొగుడు ఒకరోజు పలకరిస్తే నాయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"గానుగెద్దును కట్టినట్టుండాదిబ్బా. పొద్దన్నుంచీ తిరుగుతానే ఉండా, యాడికీ పోలా."

షెడ్డులో చెలాయించలేని అధికారం అంతా ఇంటికి తెచ్చాడు. గడియారం అంటే ఎరగని మా ఇంట్లో అన్నానికి టైము పెట్టాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు, నీళ్లు వృథా అన్నాడు, నేను పొట్లాల కాగితాలు ఏరి చదువుకుంటుంటే దీపం చమురు దండగ అన్నాడు. అంతకుముందు ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. మూటలో మామిడిపండ్లు తెచ్చిన మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని నాకు అనుమానం వచ్చేది. నడిపిన దూరాన్ని బట్టి వచ్చే మైలేజీ డబ్బులు తగ్గాయి నిజమే, కానీ దాని గురించి ఇంట్లో ఎవరూ బాధపడిన గుర్తు లేదు. బాధంతా, ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుని ఉన్నా ఇద్దరికీ చేతుల్లో ఏమీ లేకపోవడం. తక్కెడలో ఒక తట్ట దిగితే ఇంకొకటి లేస్తుంది. మా ఇంట్లో రెండు తట్టలూ ఒకేసారి నేలకు ఆనుకున్నాయి. ఆ కాలేజీ మనిషికి నేను అడ్డం పడింది ఈ ముక్క చెప్పడానికే.

ఇక ఆ పొట్టు పొయ్యి సంగతి. శనక్కాయ పొట్టుతో వంట చేసే ఇళ్లలో అందరికీ తెలిసిందే. కిరసనాయిలు డబ్బా పైమూత కోసేసి, కింద పక్కన ఒక తూటు పెడతారు. మధ్యలో గుండ్రటి కట్టె నిలబెట్టి, తూటులోంచి ఇంకో కట్టె దూర్చి, చుట్టూ పొట్టు పోసి అదిమి అదిమి కూరతారు. తర్వాత కట్టెలు మెల్లగా లాగేస్తే పొగగొట్టం లాంటి దారి మిగులుతుంది. కింద అంటిస్తే ఆ దారి వెంట సన్నగా, నిలకడగా మండుతూ పూట వంట గడుస్తుంది. ఎంత గట్టిగా అదిమితే అంత సేపు. అమ్మ దాన్ని మోకాళ్ల మీద కూర్చుని కూరేది. ఒక సాయంత్రం నాయన పొయ్యి ముందుకు వచ్చి నిలబడ్డాడు. మంట చాల్లేదన్నాడు, గాలి ఆడనీయకుండా కూరితే నిప్పు చచ్చిపోతుందన్నాడు. నిప్పు విషయంలో ఆయనకు ఎవరైనా చెప్పేదా? ఇంజను పొయ్యిలో బొగ్గు పల్చగా పరిచి, ఊచతో కదిలించి, గాలి పోనిస్తేనే ఆవిరి. పార పట్టిన నాటి నుంచి ఆయన చేతులకు తెలిసిన విద్య అది. ఇనప ఊచ తెచ్చి మా అమ్మ పొయ్యిలో పొడిచి కదిలించాడు.

కూరిన పొట్టంతా ఒక్కసారి కూలిపోయింది. భగ్గున మంట లేచి సంగటి కుండ మసిబారింది, ఇల్లంతా పొగ, ఆ వెంటనే బూడిద. పిండి కుండలో సగం ఉడికి సగం పచ్చిగా ఉండిపోయింది. నిప్పు కోసం పిడక పట్టుకుని వచ్చిన మేరమ్మత్త గడపలో నిలబడి ఇదంతా చూసింది. పగలబడి నవ్వేసింది. "ఏమన్నా, స్టేషనొచ్చేసినాదా?" అంది. వేరే రోజైతే నాయన కూడా నవ్వేవాడు. ఆ రోజు ఊచ కింద పారేసి, చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు.

అమ్మ నన్ను వెంట పంపింది. ఆయన దూరం పోలేదు. యార్డు పక్కన పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. ఇంకా పొద్దు ఉంది. రేణిగుంట వైపు ఒక గూడ్సు కదులుతోంది. ఇంజను బుసకూ బుసకూ మధ్య ఎడం తగ్గుతూ ఉంటే నాయన వేళ్లు తొడ మీద ఆ వరసకే ఆడుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. బండి కనుమరుగయ్యాక జేజిని తలుచుకుని, నాతో అన్నాడో తనతో అన్నాడో, మా అమ్మ ఉండి ఉంటే ఈ కూత విని నా కొడుకు పోతాండాడు అనుకుంటాండె అన్నాడు. నేను ఇంటికి వచ్చి అమ్మకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ మళ్లీ కూరుతున్న పొయ్యి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. విన్నది మాత్రం పూర్తిగా విన్నది.

మరుసటి రోజు అమ్మ మేరమ్మత్తను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయింది. లైనిళ్ల ఆడవాళ్లు షెడ్డు గేటు దాటింది అప్పటిదాకా లేదు. అక్కడ జరిగింది మేరమ్మత్త వీధంతా చెప్పింది, జీవితాంతం చెప్పింది, కాబట్టి నేను చూసినట్టే రాస్తాను. ఫోర్‌మన్ అరవాయన, ముసలాయన. ఏమమ్మా, లైను మీద నుంచి తమవాణ్ణి దింపమని రోజుకొక మగాడు వస్తాడు, దింపాక కూడా నువ్వొచ్చావు, ఇంకేం కావాలి అన్నాడట. మళ్లీ ఎక్కించమని అడగడానికి వచ్చానంది అమ్మ. ఆయన కళ్లద్దాలు తీసి పెట్టాడట. మీ అన్న వచ్చి అంత బతిమాలాడే అన్నాడట.

"మాయన్న మమ్మల్ని అడిగి రాలా సామీ. బండి నడిపేటప్పుడు ఆయప్ప ఎప్పుడొచ్చినా మనిషై వస్తాండె. ఇప్పుడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉండాడు, మనిషి మాత్రం రాలేదు."

ఫోర్‌మన్ వెంటనే ఒప్పుకోలేదు. ఊయల ఊగినట్టు అటూ ఇటూ మార్చడానికి ఇది మీ ఇల్లా అని గట్టిగానే అన్నాడట. చూస్తాను పొమ్మన్నాడు. ఆ చూస్తాను అనే మాట పట్టుకుని ఇంటికొచ్చిన అమ్మ, సాయంత్రం నాయన మంచం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. షెడ్డుకు పోయిన సంగతి చెప్పింది. నాయన ముఖం ఎర్రబడింది. పెళ్లాం వచ్చి అడుక్కుంటే లైనెక్కిన డ్రైవరు అని నవ్వరా అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదా అంది అమ్మ. ఆయన గొంతు దిగి, అసలు మాట బయటికి వచ్చింది.

"మా అమ్మ మట్టికి లేకపోతినే."

"నువ్వు ఈడ కూచుంటే ఆమె లేచొస్తాదా? బతికినన్నాళ్లూ నువ్వు తెచ్చిన పండ్లు తినింది, నీ బండి కూత విని కన్ను మూసింది. ఆమెకేం తక్కువ సేసినావని? నీ పొయ్యి ఆడుండాది. ఇది నా పొయ్యి. ఎవురి పొయ్యి వాళ్లు సూసుకుంటే అందరికీ అన్నం ఉడుకుతాది."

అమ్మ మాట అంతటితో ఆగలేదు. ఇంటికొచ్చిన రోజు నిద్ర తీరాక పిల్లల్ని నువ్వు చూసుకోవాలంది. మధ్యాహ్నం వేళ వసారా నాదంది, మంచం వెనక పెరట్లో వేసుకోమంది. కోరికలు కావవి, షరతులు. నాయన వెనక వాకిలి వైపు చూసి, పెరట్లో ఎండ పడతాది కదా అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఆ నవ్వు అర్థం కావడానికి పెళ్లయి కొన్నేళ్లు పట్టింది.

ఫోర్‌మన్ చూశాడు. కొంచెం ఆలస్యంగానే అయినా చూశాడు. నాయన లైనెక్కాడు. అమ్మ తానే మండీకి పోయి శెట్టి మనిషిని పిలుచుకొచ్చింది. మూటలు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు. బండి దిగి వచ్చిన నాయన నిద్ర లేచి నన్నూ చెల్లెల్నీ వెంటబెట్టుకుని, అమ్మ వసారాలోకి రాకుండా పెరటి వాకిలి నుంచి బజారుకు తీసుకుపోయేవాడు. ఆ నడకల్లోనే ఆయన నాకు రైల్వే ఇన్‌స్టిట్యూట్ రీడింగ్ రూము చూపించింది. చమురు దండగ అన్న నాయనే. నాకున్న చదువుకు మొదలు అక్కడే. ఇదంతా చెప్పి ఆ కాలం బంగారమని నేను అనను. నాయన చెవులు ఇంజను మోతకు వయసు రాకముందే పోయాయి. నా చెల్లెలి పేరు పెట్టిన రోజు ఆయన లేడు. అమ్మ నడుము వంగిపోయింది. కష్టం తగ్గలేదు. కానీ పని మీద ప్రేమ ఉన్న మనిషి ఇంటికి ప్రేమ తెస్తాడు, ఇంట్లో మర్యాద ఉన్న మనిషి పనిలో నిలబడతాడు. అందులో ఒకటి తీసి ఒకటి నిలబెడతామనే వాళ్లకు సంసారమూ తెలియదు, ఉద్యోగమూ తెలియదు.

ఇదంతా ఆదివారం ఆ కుర్చీల మధ్యలో చెప్పాను. మేనమామ ఓపిగ్గా విని, అది ఆ కాలం మామా అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నోరు తెరిచేలోగా శైలజ వంటింట్లోంచి వచ్చింది, బిడ్డ చంకలో ఉంది. అంతా వింటూనే ఉందన్నమాట. నేను అందరి ముందరా అడిగాను, నీకు ఆ పని ఇష్టమేనా అని. ఆ ప్రశ్న ఆ గదిలో ఆ రోజు ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

"ఇష్టమే తాతా. సిగ్నల్ చూసి డ్రైవరుకు గట్టిగా చెప్పి, బండి కదిలిందంటే నాకు ఇల్లు బరువనిపించదు. ఇంటికొచ్చి పాపను ఎత్తుకుంటే బండి బరువనిపించదు. ఆఫీసులో కూచుంటే రెండూ బరువే. కానీ మాట అది కాదు. ముత్తాత లైనుకు పోయినప్పుడు ఇంట్లో పెద్దవ్వ ఉండె. నేను పోతే ఇంట్లో ఎవరుండారు?"

అమ్మా నాయనల కథ ఇన్నేళ్లుగా ఎంతమందికో చెప్పాను, ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. అప్పటి ఇంటికి ఒక అమ్మ ఉంది కాబట్టి నాయన లైను నిలబడింది. ఇప్పుడు లైను మీద ఉన్నదే అమ్మ. బిడ్డను చూసుకునే ఆమె పని మానేసి పోయిందట. ప్రసాదు తల్లి మంచం మీద ఉంది. శైలజ తల్లి, మా కోడలు, రెండేళ్ల కిందటే పోయింది. ఇంట్లో ఆడమనిషి లేదు కాబట్టి ఇంజను మీద ఉన్న ఆడమనిషిని దింపాలని నలుగురు మగవాళ్లు కూర్చున్నాం. అది తట్టగానే నాకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి మా మీదే వచ్చింది కాబట్టి గట్టిగా వచ్చింది.

"పిల్ల అడిగింది వినపడిందా సుధాకరా? ఇంట్లో ఎవరుండారని అడగతాంది. రిటైరై ఊరకే కూచున్నావు కదప్పా, నువ్వుండావు. ప్రసాదూ, నువ్వూ ఉండావు. మీరు ఇంట్లో ఉండేది లెక్కలోకి రాదా?"

సుధాకర నేనా అన్నాడు. బిడ్డను ఎత్తుకోవడం తప్ప నాకేం తెలుసు నాయనా అన్నాడు. మేనమామ నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు. అప్పటిదాకా నోరు తెరవని ప్రసాదు, పొద్దున కొట్టుకు ఆలస్యంగా వస్తానని సేటును అడుగుతానన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని శైలజ అతని వైపు చూసింది. నువ్వు చెప్పలేదు కదా అన్నాడు. చెప్పాల్నా అంది. ఆ రెండు మాటల మధ్య వాళ్ల సంసారం ఎన్నాళ్లుగా మూలుగుతూ ఉందో నాకు అర్థమైంది. నేను ఇక కలగజేసుకోలేదు.

అర్జీ పెట్టనని శైలజ తేల్చి చెప్పింది. అందరూ అన్నం తిన్నారు. చేతులు కడుక్కుంటూ ఉండగా ఆమె ఫోను మోగింది, డ్యూటీ పిలుపు. బూట్లు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, బిడ్డను తీసుకొచ్చి సుధాకర చేతుల్లో పెట్టింది. పాప నాలుగింటికి పాలు తాగుతుంది నాయనా, చక్కెర కొంచెమే వెయ్యి, నేను రేపు సాయంత్రం వస్తా అంది. సరేలే అన్నాడు. ఏమి సరే, చక్కెర యాడుండాదో తెల్సునా అంది. సుధాకర ప్రసాదు వైపు చూశాడు. ప్రసాదు వంటింటి వైపు చూశాడు. వెతుక్కోండి అని చెప్పి ఆమె మెట్లు దిగింది. స్టేషను దారి పట్టి, ఎండలో, వెనక్కి ఒక్కసారి కూడా తిరగకుండా పోయింది. లోపల మామాఅల్లుళ్లు ఇద్దరూ అలమర ముందు నిలబడి ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూసి పెడుతున్నారు. బిడ్డ సుధాకర భుజం మీద నుంచి వంగి ప్రతి డబ్బాలోకీ తొంగి చూస్తోంది. నువ్వన్నా చెప్పు నాయనా అని సుధాకర నన్ను అడిగాడు. నాకూ తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ణి కాదు.